నాయనమ్మ పులికడుగు

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అంటించింది మా ఆయన. రాసింది తిరువూరు బస్టాండ్ దగ్గర ఆసుపత్రిలో కూర్చునే చిన్న వయసు డాక్టరమ్మ. నాకు షుగర్ వచ్చిందని చెప్పి, మాత్రలు రాసి, ఆ తర్వాత "పొద్దున్నే ఏం తింటారు మేడమ్?" అని అడిగింది. ఇడ్లీ అన్నాను. "రేపు?" అంది. ఉప్మా అన్నాను. "ఎల్లుండి?" అంది. మళ్లీ ఇడ్లీ అన్నాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుని, రోజూ ఒకటే తినొద్దని, జొన్నలు, సజ్జలు, పెసలు, ఆకుకూరలు మార్చి మార్చి తినమని, అదీ కొలతగా తినమని, వారానికి సరిపడా రాసి చేతిలో పెట్టింది. హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా సైన్సు చెప్పి, సమతులాహారం మీద బోర్డు నిండా బొమ్మలు గీసినదాన్ని, నా పళ్లెంలో ఏముందో ఒక్కనాడూ చూసుకోలేదు. సిగ్గేసింది. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని రెండోసారి చదువుతుంటే మాత్రం సిగ్గు పక్కకు పోయి ఇంకేదో పట్టుకుంది. ఈ వరస నేనెక్కడో చూశాను. చూసింది కాగితం మీద కాదు. ఇదే ఊళ్లో, మా పాత ఇంటి వంటింట్లో, పొయ్యి పక్క గోడకున్న చెక్క బల్ల మీద, మట్టి గురుగుల్లో చూశాను.

మర్నాటి నుంచి వంటింట్లో నా ప్రయోగాలు మొదలయ్యాయి. కొట్లో జొన్న రవ్వ ప్యాకెట్ కొన్నాను. వెనక రాసినట్టే నీళ్లు పోసి, కుక్కర్లో పెట్టి, విజిల్స్ లెక్కబెట్టి దింపాను. మూత తీస్తే మైదా ఉడకేసినట్టుంది. మా ఆయన గరిటె నిలబెట్టి చూశారు. గరిటె పడలేదు. "ఇది తినడానికా, పోస్టర్లు అంటించడానికా?" అన్నారు. రెండో రోజు పెరుగు కలిపాను. పెరుగు వేరుగా, రవ్వ వేరుగా నిలబడ్డాయి. మూడో రోజు నిమ్మకాయ పిండాను, దాని గురించి ఇక్కడ రాయను. అలా పది రోజులు గడిచాయి. నాలుక మీద ఒక రుచి ఉంది, అది కావాలి నాకు. పులుపుగా, కానీ మజ్జిగ పులుపు కాకుండా, చింతపండు పులుపు కాకుండా, నోట్లో వేసుకోగానే కళ్లు ఒక్కసారి చిట్లించి ఆ వెంటనే ఇంకో ముద్ద అడిగించే పులుపు. అది మా నాయనమ్మ చేసే జొన్న జావ రుచి. దాన్నెలా చేసేదో నాకు తెలియదు. అడుగుదామంటే అమ్మ లేదు. ఫోన్ చేస్తే తమ్ముడు "మనింట్లో ఇడ్లీయేగా అక్కా?" అన్నాడు. వాడికి ఊహ తెలిసేసరికి ఇంట్లోకి ఇడ్లీ వచ్చేసింది. తెలియాల్సినదాన్ని నేనే. పన్నెండు, పదమూడేళ్ల వయసులో రోజూ ఆ పొయ్యి ముందు కూర్చున్నదాన్ని నేనే. కానీ నేను కావాలని మొహం తిప్పుకుని కూర్చున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా నాయనమ్మది వినగడప. కాపురానికి తిరువూరు వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి ఇత్తడి బిందె, రెండు చీరలు, ఒక మట్టి ముంత తెచ్చుకుందట. బిందెకు సొట్ట పడింది, చీరలు చిరిగాయి, ముంతలోది మాత్రం ఇంట్లో ఉండిపోయింది. దాన్ని పులికడుగు అనేవాళ్లం. బియ్యం కడిగిన మొదటి నీళ్లు గేదెల కుడితికి పోతాయి. రెండోసారి కడిగిన తెల్లటి నీళ్లు వంటింటి మూల ఉన్న కుండలోకి పోతాయి. ఆ కుండలో అవి పులుస్తాయి. రోజూ జావ కాయడానికి రెండు చెంబులు తీయడం, రెండు చెంబులు పోయడం. కుండ అడుగంటా ఖాళీ చేయడమనేది లేదు. కుండకు పగులొస్తే నీళ్లు కొత్త కుండలోకి మారతాయి తప్ప ఆగవు. పెళ్లికో చావుకో ఊరెళ్లాల్సి వస్తే పక్కింటావిడకి అప్పజెప్పి వెళ్లేది, గేదెని అప్పజెప్పినట్టే. మూతికి గుడ్డ కట్టి ఉండేది ఆ కుండ. గుడ్డ విప్పితే వచ్చే వాసన వంటిల్లంతా పాకి, తలుపు దాటి, ఆరేసిన బట్టల్లోకి, నా జడలోకి కూడా పట్టిందని నాకు అనుమానంగా ఉండేది.

పొయ్యి పక్క బల్ల మీద గురుగులు వరసగా ఉండేవి. జొన్నలు, సజ్జలు, కొర్రలు, పెసలు, ఉలవలు, బొబ్బర్లు, నువ్వులు. మాగాణి మాకు తక్కువ, మెట్ట ఎక్కువ. మెట్టలో పండినవన్నీ ఆ గురుగుల్లోకి ఎక్కేవి. మధ్యాహ్నం మాత్రం వరి అన్నం. పొద్దుటి తిండి గురుగుల్లోంచి రావాల్సిందే. ఏ రోజు ఏది అన్నది నాయనమ్మ ఒక పద్ధతి మీద తేల్చేది. ఆ పద్ధతి నేను ఇంకే ఇంట్లోనూ చూడలేదు. దీపాలు పెట్టే వేళకి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, ఇంట్లో ఒక్కొక్కరినే పిలిచి అడిగేది.

"రేపు నీ పనేంటి?"

నాన్న, "అరక కట్టాలే" అంటే తెల్లారి ఆయనకి ముద్దకట్టిన జొన్న సంకటి, పక్కన కంది పచ్చడి. "బెజవాడ బస్సెక్కాలి" అంటే జొన్న రొట్టెలు రెండు, నువ్వుల పొడి చల్లి గుడ్డలో చుట్టి ఇచ్చేది. బస్సులో కడుపులో కదలనిది పెట్టాలనేది. అమ్మ పత్తి తీతకు పోయే రోజైతే ఉలవ గుగ్గిళ్లు, బెల్లం ముక్క. వాన పట్టి ఎవరికీ పని లేని రోజైతే అందరికీ పల్చటి జావ, చెంబుతో తాగేలా. నాకు పరీక్షంటే నానబెట్టిన పెసలు పెట్టేది. సంకటి తింటే పరీక్షలో నిద్రపోతానని. వేసవిలో మామిడి రసాలు దిగితే సంకటి తగ్గేది, పండు ఎక్కేది. పని బరువును బట్టి జావ చిక్కబడేది, పలచబడేది. కూర్చుని చేసే పనికి పలచన, వంగి చేసే పనికి చిక్కన. ఒకే పొయ్యి మీద, ఒకే పూట, మూడు రకాలు దిగేవి. మాకు అది వింతగా ఉండేది కాదు. అన్నం పెట్టే మనిషి పని అడగడం సహజమే అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే, చదువు లేని ఆ మనిషి మనిషిని బట్టి, రోజును బట్టి ఎలా కొలిచేదా అని ఆశ్చర్యం. అడగాలని ఉంది. అడిగే వీలున్నప్పుడు నాకు ఆసక్తి లేదు.

ఎనిమిదో తరగతిలో మాకొక కొత్త టీచరమ్మ వచ్చింది. మంచి మనిషే. ఒకరోజు పాఠం మధ్యలో, "పొద్దున్నే ఎవరెవరు ఏం తిని వచ్చారో చెప్పండి" అంది. బజారు పిల్లలు ఒక్కొక్కరే లేచారు. ఇడ్లీ, పూరీ, ఉప్మా. వాళ్లవి కొట్లున్న ఇళ్లు. ఊళ్లో హోటళ్లలో తప్ప ఇడ్లీ దొరకని ఇళ్లు ఇంకా చాలా ఉన్న రోజులవి. నా వంతు వచ్చింది. పొద్దున్న నేను తాగింది జొన్న జావ, నంజుకున్నది ఉల్లిపాయ. లేచి నిలబడి, "ఇడ్లీ అండి, కొబ్బరి చట్నీ" అన్నాను. అబద్ధం అంత నున్నగా వస్తుందని నాకే తెలియదు. టీచరమ్మ "వెరీ గుడ్" అంది. ఆ "వెరీ గుడ్" నన్ను పాడుచేసింది. అక్కణ్నుంచి ఎవరూ అడగకపోయినా రోజూ ఏం తిన్నానో చెప్పేదాన్ని. రవ్వ ఇడ్లీ అన్నాను, మసాలా దోసె అన్నాను, పూరీ బంగాళాదుంప కూర అన్నాను, ఒకసారైతే పేరు కూడా సరిగ్గా తెలియని ఏదో హోటల్ టిఫిన్ చెప్పాను. ఆ ఏడాది తిరువూరులో అందరికంటే రకరకాల టిఫిన్లు తిన్నది నేనే, నోటి మాటగా.

ఇవన్నీ నోరు తెరుచుకుని వినేది మెహరున్నీసా. మెహరు అనేవాళ్లం. నా పక్కనే కూర్చునేది. వాళ్ల నాన్నది బస్టాండ్ దగ్గర సైకిల్ రిపేరు కొట్టు. ఇంట్లో ఐదుగురు పిల్లలు, పొద్దున టీ, అందులో ముంచుకోవడానికి నిన్నటి రొట్టె. రవ్వ ఇడ్లీ మెత్తగా ఉంటుందా, జీడిపప్పు వేస్తారా, ఎన్ని పెడతారు, అని గుచ్చి గుచ్చి అడిగేది. నేను గుచ్చి గుచ్చి చెప్పేదాన్ని. ఒక ఆదివారం పొద్దున్నే, నేను కలలో కూడా అనుకోలేదు, మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. తలకి నూనె రాసుకుని, శుభ్రమైన గౌను వేసుకుని వచ్చింది.

నాయనమ్మ పొయ్యి ముందుంది. జొన్న నూక ఉడుకుతోంది, పులికడుగు వాసన వాకిలి దాకా వస్తోంది. నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

"ఎవరి పిల్లవమ్మా?"

"సైకిల్ షాపు వాళ్ల అమ్మాయిని మామ్మగారూ. ప్రమీల క్లాసే." మెహరు వంటింట్లోకి తొంగి చూసి, గిన్నె వంక చూసి, చాలా మర్యాదగా అడిగింది. "ఇవాళ రవ్వ ఇడ్లీ లేదా అండి?"

నాయనమ్మ నా వంక చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో చెప్పలేను. కోపం లేదు అందులో. పొలంలో కొత్త మొలక ఏదైనా కనిపిస్తే ఇది పైరా, కలుపా అని వంగి చూసేది, అలా చూసింది. తర్వాత మెహరు వైపు తిరిగింది.

"ఇవాళ పిండి పులవలేదమ్మా. ఈ పూటకి ఇదే తిను. లోపలికి రా."

ఆ రోజుల్లో మా వీధి ఆడవాళ్లలో చాలామంది మెహరు లాంటి ముస్లింల ఇళ్ల పిల్లల్ని వంటింట్లోకి రమ్మనేవాళ్లు కాదు. నాయనమ్మ పీట వాల్చింది. గిన్నె ముందుకు లాక్కుని, గరిటె చేత్తో పట్టుకుని, "ఇవాళ నీ పనేంటి?" అని అడిగింది.

మెహరుకు అర్థం కాలేదు. అయినా చెప్పింది. "అమ్మకి ఒంట్లో బాలేదండి. నీళ్లు మొయ్యాలి. తొట్టి నిండాలి."

నాయనమ్మ గిన్నె అడుగు నుంచి చిక్కటిది తీసి పెట్టింది. నాకు పైన తేరుకున్న పలచటిది పోసింది. మెహరు మొదటి ముద్దకి కళ్లు చిట్లించింది. నేను దాని మొహమే చూస్తున్నాను. రెండో ముద్ద తింది. మూడోది తింది. గిన్నె చాపి, "ఇంకొంచెం పెట్టండి మామ్మగారూ" అంది. మూడుసార్లు పెట్టించుకుంది. తింటున్నంతసేపూ ప్రశ్నలు. ఈ పులుపేంటి, కుండలో ఏముంది, గుడ్డ ఎందుకు కట్టారు, ఎవరు నేర్పారు అని. నాయనమ్మ జీవితంలో ఆ పొయ్యి దగ్గర కూర్చుని ఎవరూ అన్ని ప్రశ్నలు అడిగి ఉండరు. ఆవిడ మొహం వెలిగిపోయింది. కుండ గుడ్డ విప్పి చూపించింది కూడా. నేను ఆ కుండ వైపు చూడలేదు. తల వంచుకుని గిన్నెలోకి చూస్తూ, రేపు మెహరు క్లాసులో ఏం చెబుతుందా అని భయపడుతున్నాను.

మెహరు క్లాసులో ఏమీ చెప్పలేదు. ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ వారంలోనే నాన్న చేత నాయనమ్మ ఇడ్లీ పాత్ర తెప్పించింది. మినపప్పు నానబోసింది. మొదటి వాయి ఇడ్లీలు ఎంత గట్టిగా ఉన్నాయంటే మా కుక్క వాటిని వాసన చూసి వెళ్లిపోయింది. నేను మాత్రం గర్వంగా తిన్నాను. నెల తిరిగేసరికి నాయనమ్మ ఇడ్లీలు మెత్తబడ్డాయి. కాలవ నీళ్లొచ్చి మా మెట్టలో కొంత మాగాణి అయింది, బియ్యం మిగలసాగింది, ఇడ్లీతో పాటు ఉప్మా చేరింది, ఉప్మా తర్వాత మళ్లీ ఇడ్లీ. ఒక రోజు చూస్తే మూలన కుండ లేదు. నేను అడగలేదు. గురుగులు బల్ల మీంచి దిగి అటకెక్కాయి. ఇంకోటి కూడా పోయింది, అది పోయినట్టు నాకు యాభై ఏళ్లు గడిచేదాకా తెలియలేదు. దీపాలు పెట్టే వేళ నాయనమ్మ నులక మంచం మీద కూర్చునేది కానీ ఎవరినీ పిలిచేది కాదు. రేపు నీ పనేంటి అని అడగడం మానేసింది. అడగడం దేనికి? అరక కట్టేవాడికీ, పరీక్ష రాసే పిల్లకీ, ఊరికే కూర్చున్న ముసలమ్మకీ అవే నాలుగు ఇడ్లీలు. నేను ట్రైనింగ్ కాలేజీలో ఉండగా ఆవిడ పోయింది. రవ్వ ఇడ్లీ గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. క్షమించమని అడగాలని కూడా అప్పట్లో తోచలేదు, తప్పు చేశానని తెలిస్తే కదా.

పది రోజుల ప్రయోగాలు విఫలమయ్యాక, మా పాత హైస్కూల్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మాట అడిగాను. పాతకాలం జొన్న జావ పుల్లగా ఎలా చేసేవాళ్లో ఎవరికైనా తెలుసా అని. ఒకాయన గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పెట్టాడు. ఇంకొకాయన ఏదో వీడియో పంపాడు, అందులో జావలో అరటిపండు వేశారు. సాయంత్రం నాకొక్కదానికే విడిగా ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మెహరు. పెళ్లయి విస్సన్నపేట వెళ్లిపోయింది, వాళ్లాయనది మామిడికాయల వ్యాపారం. ఉద్యోగాలతో నేను ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో ఏ పెళ్లిలోనో, ఏ బస్సులోనో నాలుగైదుసార్లు కలిశాం. కలిసినప్పుడల్లా పిల్లల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకుని విడిపోయేవాళ్లం. గొంతు మారింది కానీ మాట తీరు మారలేదు.

"అడిగావటే ప్రమీలా? ఇన్నాళ్లకి అడిగావు! ఆదివారం పొద్దున్నే రా. ఏమీ తినకుండా రా."

షుగర్ ఉన్నదాన్ని ఏమీ తినకుండా ఎలా రమ్మంటావే అని తిరిగి మెసేజ్ పెట్టాను. "అయితే తొందరగా రా" అని వచ్చింది.

మొదటి బస్సెక్కాను. విస్సన్నపేట సెంటర్లో దిగేసరికి మనవణ్ని స్కూటర్ ఇచ్చి పంపింది. ఇంటి గేటు దగ్గర దిగగానే ఆ వాసన తగిలింది. ఎవరో నా జడ పట్టుకుని వెనక్కి లాగినట్టయింది. చెప్పులు విప్పడం మర్చిపోయి వంటింటి గుమ్మం దాకా వెళ్లిపోయాను. గ్యాస్ పొయ్యి, మిక్సీ, చిమ్నీ, అన్నీ ఉన్నాయి. మూలన ఒక కుండ ఉంది. మూతికి తెల్లటి గుడ్డ కట్టి ఉంది.

మెహరు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. గిన్నెలో జావ పోసి, పక్కన పచ్చి ఉల్లిపాయ పెట్టింది. ఒక్క గుక్క తాగాను. కళ్లు చిట్లించాను. అదే పులుపు. రెండో గుక్కకి ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు. మెహరు ఉల్లిపాయ ముక్క తీసి చేతికిచ్చింది.

"నీకెవరు నేర్పారే?" అన్నాను చివరికి.

"నేర్పడమేంటి? ఇవి ఆవిడ నీళ్లే."

అర్థం కాలేదు నాకు. మెహరు చెప్పింది. ఆ ఆదివారం గడిచిన కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం నాయనమ్మ వాళ్లింటికి వెళ్లిందట. నెత్తిన కొంగు కప్పుకుని, చేతిలో గుడ్డ కట్టిన ముంతతో. వాళ్లమ్మ కంగారుపడి కుర్చీ వేస్తే కూర్చోలేదట. గుమ్మంలోనే నిలబడి మాట్లాడిందట.

"మామ్మగారు ఏమన్నారో నాకు ఒక్కో మాటా గుర్తే. 'ఇది మా పిల్లకి నామోషీగా ఉందమ్మా. దానికిష్టం లేనిది ఇంట్లో ఎందుకు? అట్టాగని పారబోద్దామంటే చెయ్యి రావట్లా. మా అమ్మ ఇచ్చిన నీళ్లు. నీ కూతురు ఇష్టంగా తింది, మీ ఇంట్లో ఉంచుకోండి' అంది. ఎట్టా చెయ్యాలో అమ్మకి రెండు సార్లు చెప్పింది. వెళ్లబోతూ నా వైపు తిరిగింది. 'ఎప్పటికైనా అది అడుగుతుంది. అడిగితే ఇయ్యి. అడిగేదాకా చెప్పొద్దు' అంది."

"మనం ఎన్నిసార్లు కలిశాం మెహరూ? ఒక్కసారీ చెప్పలేదేంటే?"

"నువ్వు అడగందే! నేను మాటిచ్చాను. ప్రతిసారీ ఇవాళ అడుగుతుందేమో అని చూసేదాన్ని. నువ్వు మోకాళ్ల దగ్గరే ఆగిపోయేదానివి."

ఆ నీళ్లు మెహరు పెళ్లికి విస్సన్నపేట వచ్చాయి. మూడు కుండలు మారాయి. కూతురి పురిటికి వెళ్లినప్పుడు పక్కింటి వాళ్లకి అప్పజెబితే వాళ్లూ కొంచెం ఉంచేసుకున్నారట, వాళ్ల దగ్గర్నుంచి ఎదురింటికి వెళ్లాయట. ఇప్పుడు ఆ వీధిలో నాలుగిళ్లలో ఉంది. వాళ్లంతా దాన్ని తిరువూరు నీళ్లు అంటారు. తిరువూరులో దాన్ని పెంచిన ఇంట్లో మాత్రం, నేను సిగ్గుపడ్డానని, ఒక్క చుక్క మిగల్లేదు. ఇంకో సంగతి కూడా అడిగాను, అడగకుండా ఉండలేక. "నేను అబద్ధాలు చెప్పానని నీకు ఆ రోజే తెలిసిందా?"

"అంతకుముందే తెలుసు. రవ్వ ఇడ్లీలోకి జీడిపప్పు నంజుకుని తింటామన్నావు చూడూ, అప్పుడే." పకపకా నవ్వింది. "మరి ఎందుకొచ్చానంటావా? నీ దగ్గర రోజూ ఆ పుల్లటి వాసన వచ్చేది. అదేంటో కనుక్కుందామని వచ్చా. అడిగితే నువ్వు చెప్పవుగా."

ఆ వాసన మీద నాకెంత అసహ్యమో, మెహరుకి అంత ఆసక్తి. సైన్సు టీచర్ని నేను, కానీ తెలుసుకోవాలన్న గుణం ఆ పిల్లదే. ఆ మాటే దానితో అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకి ప్రశ్నలు అడగండర్రా అని చెప్పాను, నా ఇంట్లో నేను ఒక్క ప్రశ్న అడగలేదు. జొన్నలు తింటే షుగర్ పోతుందని నేనిక్కడ రాయడం లేదు. మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను, డాక్టరమ్మ కొలత అంటే కొలతే. కానీ ఆ కాగితాన్నీ మా బల్ల మీది గురుగుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే, ఒక్క తేడా కనిపిస్తోంది. కాగితంలో సోమవారం, మంగళవారం ఉన్నాయి. నాయనమ్మ పద్ధతిలో వారాలు లేవు, మనుషులున్నారు. ఇప్పుడు ఇంటికో కాగితం ఉంది, ఫోన్ నిండా రకాలున్నాయి, మా వీధి చివర కొట్లోనే పది రకాల ధాన్యం ప్యాకెట్లున్నాయి. పొద్దున్న తినబోయే మనిషి పొద్దంతా ఏం చేయబోతున్నాడో అడిగేవాళ్లు ఉన్నారా అని నా అనుమానం. మా ఆయనని నేను అడిగి ఎన్నేళ్లయిందో నాకు గుర్తు లేదు.

మధ్యాహ్నం బయల్దేరాను. మెహరు కొత్త ముంత ఒకటి రెండు రోజుల ముందే నీళ్లలో నానబెట్టి ఉంచింది. కుండలోంచి రెండు చెంబులు తీసి అందులో పోసి, గుడ్డ కట్టి, గుడ్డ మీద దారం చుట్టి ముడేసింది. రోజూ రెండో కడుగు పోయమని, మొదటిది పోయొద్దని, ఊరెళ్తే ఎవరికైనా అప్పజెప్పి వెళ్లమని, నాయనమ్మ చెప్పినవన్నీ నాయనమ్మ వరసలోనే చెప్పింది. బస్సు దాకా తనే వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని ముంతని ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టరు వాసన పట్టి, "ఏంటి మేడమ్ అది?" అన్నాడు. "పులికడుగు" అన్నాను, బస్సంతా వినబడేలా. ఇంజన్ స్టార్టయింది. మెహరు కిటికీ ఊచ పట్టుకుంది.

"రేపు నీ పనేంటే?"

రిటైరయ్యాక ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. షుగరెంతుంది అని అడుగుతారు, మందులేసుకున్నావా అని అడుగుతారు. రేపంటూ ఒకటి, అందులో నాకో పనంటూ ఒకటి ఉంటుందని ఎవరికీ తోచదు, నాకే తోచలేదు. బస్సు కదులుతోంది.

"రాసుకోవాలే" అన్నాను. "నాయనమ్మ గురించి."

మెహరు బస్సుతో పాటు నాలుగడుగులు నడిచింది. "కూర్చుని చేసే పనేగా! అయితే పలచగా కాచుకో" అని అరిచింది.

ఇవాళ పొద్దున పలచగానే కాచుకున్నాను.